కుంపటి ఎంతసేపు ఉండింది వదినా

నోరు తెరువు వదినా. నీకు దండం పెడతా, ఒక్క మాట మాట్లాడు. ఇట్ల గోడ తట్టు మొగం తిప్పుకోని కూసుంటే ఎట్ల? ఆడ లోపల నా బిడ్డ కండ్లు తేలేసి పడుండాది. డాక్టరమ్మ మళ్ళీ మళ్ళీ బయటకొచ్చి అడగతా ఉండాది. ఆయమ్మ అడిగినప్పుడంతా నువ్వు తలకాయ అడ్డంగా ఊపతా ఉండావు.

లేదా? గదిలో నిప్పే లేదా?

సరే, లేదనే అనుకుందాం. మరి నేను మీ ఇంట్లోకి అడుగు పెడతానే ఎచ్చగా మొగానికి కొట్టిందే, అదేంది? బయట తుపాను ముసురు. ఎండ మొగం సూసి ఎన్ని దినాలైందో. కరెంటు లేదు. నా సీర తడిసి వొంటికి అంటుకోని, పండ్లు కొరుక్కుంటా వచ్చినా నేను. ఆ గదిలోకి పోతానే పొయ్యి ముందర నిలబడినట్టయ్యింది. ఆడ నిలబడిన రొంతసేపటికే నా తలకాయ గిర్రున తిరిగింది. అది నేను కల గన్నానా?

లే, ఉండు, నన్ను సెప్పనీ. నేను కొట్లాటకు రాలా. నువ్వు నా అల్లుని తల్లివి. నా భానుప్రియ నీ ఇంటి కోడలు. మనిద్దరం పిల్లనిచ్చుకోని తీసుకున్నోళ్ళం. ఈ బెంచీ మీద ఇప్పుడు దానికి మనమిద్దరం తప్ప ఎవురుండారు సెప్పు? నీ కొడుకు లారీ తోలుకోని నాగపూర్ తట్టు పోయినాడు. నాకు మొగుడు లేడు, కొడుకులు లేరు. నువ్వూ నేనే.

అందుకే అడగతా ఉండా. కుంపటి ఎంతసేపు ఉండింది వదినా?

మళ్ళీ అదే ఊపు.

ఏమప్పా, నన్ను గుడ్డిదాన్ని అనుకుంటివా? నేను బస్సు దిగి వచ్చేతలికి పెంచలయ్య ఆటో మీ వాకిట్లో ఉండాది. నలుగురు పట్టుకోని నా బిడ్డను మోసకొస్తా ఉండారు. తలకాయ ఎనక్కి వాలిపోయి ఉండాది. నువ్వు పసిబిడ్డను ఎత్తుకోని ఎనకాల వస్తా ఉండావు. "ఏమైంది వదినా" అంటే, "నీరసం, పడిపోయింది" అంటివి. నేను గుడ్డల సంచి తెద్దామని లోపలికి పోయినా. అప్పుడు సూసినా.

గంప బోర్లించి, దాని మీద బిడ్డ గుడ్డలు పరిచుండాయి. ముట్టుకుంటే కరకరా ఆరుండాయి. నిన్న ఫోన్లో నువ్వే గదా అనింది, "సిద్ధమ్మా, ఒక్క గుడ్డ ఆరడం లేదు, నా పాత సీరలు సించి సుడతా ఉండా బిడ్డకి" అని? ఎండ లేదు, కరెంటు లేదు, రేత్రికి రేత్రి ఎట్ల ఆరినాయి? గంప తీసి కింద గచ్చు ముట్టుకుంటే సెయ్యి సురుక్కుమనింది. పెరట్లోకి పోతే కుంపటి కడిగి కొళాయి కింద బోర్లించి పెట్టుండావు. పక్కనే బొగ్గులు. నీళ్ళు పోసినా, వాన కురస్తా ఉన్నా ఇంగా పొగలేస్తానే ఉండాయి.

కోడలు పడిపోతే ముందు కుంపటి కడిగినావా వదినా?

అయ్యో, ఏడవొద్దు. ఆ మాట అనకూడదు నేను. ఇడిసిపెట్టు. తప్పు నాదే అనుకో.

నేను ఆ కతంతా డాక్టరమ్మకు సెప్పేసినా. సెప్పిన ఎంటనే ఆయమ్మ పరిగెత్తి దానికి మాస్కు పెట్టింది. సిలిండరు నిండా తిప్పింది. కానీ మళ్ళీ బయటకొచ్చి నిన్ను అడిగితే నువ్వు నిప్పే లేదంటివి. ఇంట్లో ఉన్నది నువ్వు. నేను ఆమీట వచ్చినదాన్ని. ఆయమ్మ ఎవురి మాట నమ్మాల?

ఆటోలో దానికి ఫిట్సు వచ్చినాయి గదా. పచ్చి బాలింతకు బీపీ పెరిగినా అట్లనే ఫిట్సు వస్తాయంట. తలలో నరంలో రక్తం గడ్డ కట్టినా వస్తాయంట. దానికి మందు వేరే, దీనికి దావ వేరే. బొగ్గుల గాలే అయితే, అది ఎంతసేపు పీల్చిందో తెలిస్తే, మద్రాసుకు తోలాలంట. ఆడ పెద్ద గొట్టం మాదిర ఒక గది ఉంటాదంట, దాంట్లో పండబెట్టి గాలిని ఒత్తి ఒత్తి ఎక్కిస్తారంట. ఆ రక్తం పరీక్ష సేసే మిషను గూడా ఈడ లేదు. "ఇంట్లో వాళ్ళు నిజం సెప్తే నేను ఇప్పుడే ఫోన్ సేస్తానమ్మా" అనింది. నిజం నీ కడుపులో ఉండాది.

ఏందీ? ఎర్రగా, కళగా ఉండాదా? అదే గదా నువ్వు ఇందాక నర్సమ్మతో అనింది. "మొగం సూడు, పండు మాదిర ఉండాది, దానికేం రోగం" అని. ఏలికి పెట్టిన మిషను గూడా తొంబై తొమ్మిది సూపిస్తా ఉండాదని. నేనూ సూసినా. నాకూ రొంత ధైర్నం వచ్చింది. అప్పుడు డాక్టరమ్మ నన్ను పక్కకు తీసకపోయి సెప్పింది. నాకు అర్థమైన కాడికి నీకు సెప్తా, ఇను.

మన రక్తంలో ఎర్ర కణాలుంటాయంట. అయి గాలిని మోస్తాయి. ముక్కుతో పీల్చిన గాలిని ఎక్కించుకోని, గుండెకు, మెదడుకు, కాలి గోటి దాకా తీసకపోయి దించేసి మళ్ళీ వస్తాయి. మా తిరుచానూరు తట్టు కొండెక్కే బస్సుల మాదిర అనుకో. ఈడ ఎక్కించుకునేది, ఆడ దించేది. మూసిన గదిలో బొగ్గులు కాలితే ఇంగొక గాలి పుడతాదంట. పొగ కాదు అది. కంటికి అగపడదు, వాసన రాదు, దగ్గు రాదు. గమ్మున వచ్చి మంచిగాలి కూసునే సీట్లో కూసుంటాది.

కూసోవడం గూడా గాదు వదినా. అతుక్కుంటాది. మంచిగాలికంటే రెండు నూర్లంతలు గట్టిగా పట్టుకుంటాదంట. దిగమంటే దిగదు. రొంత మంచిగాలి ఎక్కినా, ఈ పాడుగాలి పక్కన ఉంటే అది గూడా దిగాల్సిన కాడ దిగదంట. బస్సులు తిరగతానే ఉంటాయి, నిండుగా. మెదడు ఆడ నోరు తెరుసుకోని ఎదురు సూస్తానే ఉంటాది. దానికి ఏమీ అందదు.

ఆ పాడుగాలి పట్టిన రక్తం మామూలు రక్తం కంటే ఎర్రగా ఉంటాదంట. అందుకే కొందరికి బుగ్గలు, పెదాలు అట్ల మెరుస్తాయి. కళ గాదు వదినా అది. ఏలి మీది మిషను ఎరుపు సూసి తొంబై తొమ్మిది అంటాది. సీట్లో కూసున్నది ఎవురో దానికి తెలీదు. మనం దాన్ని సూసి బాగుండాదని కూసోనుంటే, లోపల మనిషి గాలి లేక సస్తా ఉంటాది.

నా బిడ్డ అట్ల సస్తా ఉండాది.

గొంతు పెంచలా. పెంచను. ఆ ఎదురుగా ఉన్న ముసలాయన గూడా సూస్తా ఉండాడు. సూడనీ.

నీకు బయమైతా ఉండాది, నాకు తెలుసు. మీ ఊరి ఆశా అమ్మ నీకు ముందే సెప్పిందంట గదా, బాలింత గదిలో నిప్పు పెట్టొద్దని. ఆయమ్మే సెప్పింది నాకు వాకిట్లో. నువ్వు సరే సరే అన్నావంట. ఇప్పుడు ఆ మాట ఊరంతా తిరగతాది. నీ కొడుకు వస్తే ఏమంటాడో అని. అంతే గదా?

ఎవురన్నా కావాలని సేస్తారా వదినా? నా బిడ్డను నువ్వు ఎట్ల సూసుకున్నావో నాకు తెలీదా? తిరుచానూర్లో నా గది మీ వంటిల్లంత గూడా లేదు. పైన రేకులు, వానొస్తే మంచం జరుపుకోవాల. "ఆ కొంపలో బాలింతను యాడ పెడతావు, నా మనవడు నా ఇంట్లోనే పుట్టనీ" అని నువ్వే అంటివి. నాకు సిన్నతనమైంది, అబద్ధం సెప్పను. కానీ మనసులో దండం గూడా పెట్టుకున్నా. పొద్దన్నే ఉడుకు నీళ్ళు కాసి, నూనె అంటి, నడుం మీద నీళ్ళు కొట్టి పోసేదానివంట. "అమ్మా, నువ్వు గూడా నాకు ఇట్ల పొయ్యలేవు" అనింది అది ఫోన్లో. నాకు రోసమొచ్చింది. సంతోసమూ ఏసింది.

ఆరేండ్లు కడుపు పండలా దానికి. ఆ ఆరేండ్లల్లో నువ్వన్న మాటలు ఇప్పుడు నేను తీయను. కడుపుతో ఉండాదని తెలిసిన దినం నువ్వు సేసింది గూడా నాకు గుర్తుండాది. పసుపు సీర పట్టుకోని మా తిరుచానూరు దాకా వచ్చి అమ్మోరికి ఇచ్చి, నా పూలబుట్ట కాడ కూసోని ఏడిస్తివి. నేను కట్టిన మాలలన్నీ నీ కండ్లనీళ్ళతో తడిసిపాయ. అంత మనిషివి. నువ్వు దానికి కీడు సేస్తావా?

సలి. ముసురు. బిడ్డకు గుడ్డలు ఆరలా. సాంబ్రాణి పొగ గూడా పట్టినట్టుంటాదని సింత బొగ్గులు రాజేసినావు. సల్లగాలి తగలకూడదని తలుపేసినావు. మా అమ్మా అదే సేసింది, మీ అమ్మా అదే సేసింది. కాకపోతే అప్పుడు మన ఇండ్లకు పైన బోద గడ్డి కప్పు, గోడల్లో సందులు. గాలి తనంతట తాను వచ్చేది, పొయ్యేది. నీ కొడుకు కట్టిన ఇంటికి పైన మిద్దె, కిటికీలకు అద్దాలు. యాడికి పోతాది ఆ పాడుగాలి?

నేను నీ మీద కోపంతో అడగతా ఉండానా? సూడు నా మొగం. కోపమేమన్నా ఉండాదా? బయం వదినా. బయం తప్ప ఏం లేదు.

సెప్పు. పొద్దన్నే నీళ్ళు పోసినాక పెట్టినావా? పాలాయన వచ్చి పోయినాకా? మద్దేనంలో మళ్ళీ బొగ్గులు ఏసినావా? అది పిలిచిందా నిన్ను? తలనొప్పి అనిందా? కక్కిందా? ఏదన్నా ఒకటి సెప్పు, నేను పరిగెత్తి ఆయమ్మకు సెప్పేసి వస్తా.

నువ్వు గమ్మునుండే కొద్దీ ఆడ దాని తలలో ఏమైపోతా ఉండాదో.

ఇందాక నన్ను లోపలికి పోనిచ్చినారు. మాస్కు పెట్టుండారు. "భానూ" అంటే రెప్ప కదలలా. సెయ్యి పట్టుకున్నా, పట్టుకోలా అది. రవిక తడిసి ముద్దైపోయుండాది. నేను బయపడిపోయినా, ఏమన్నా రక్తమేమో అని. కాదు, పాలు. రొమ్ములు రాళ్ళ మాదిర గట్టిపడి ఉండాయి, తనంతట తానే కారిపోతా ఉండాయి. నర్సమ్మ గుడ్డ పెట్టి, "పొద్దన్నుంచీ బిడ్డకు ఇచ్చినట్టు లేదే" అనింది. నేను...

పొద్దన్నుంచీ ఇచ్చినట్టు లేదు.

వదినా.

వాడు ఎప్పుడు తాగినాడు?

నిన్నే అడగతా ఉండా. బిడ్డ ఎప్పుడు పాలు తాగినాడు? నేను వచ్చినప్పట్నుంచీ వాడు నీ వొళ్ళోనే ఉండాడు. ఆటోలో అంత కుదుపు. ఈడ ఇంత గోల, ఆ పక్క గదిలో ఎవురో బిడ్డ గుక్క పట్టి ఏడస్తా ఉండాడు. వీడు ఒక్క తూరి ఏడవలేదే? నేను అనుకున్నా, బుద్ధిమంతుడు, నాయన పోలిక, నిద్ర పోతా ఉండాడని. నెల నిండని బిడ్డ ఇంతసేపు పాలు అడక్కుండా ఉంటాడా వదినా?

ఆ గుడ్డ తియ్యి. తియ్యి, మొగం సూడనీ.

అమ్మా తల్లీ. ఎంత ఎర్రగా ఉండాడు.

నాయనా, సిన్నోడా, లెయ్యి నాయనా. అరికాలు గిల్లినా వదినా, కాలు తీసుకోలా. సూడు, సెయ్యి పైకెత్తి ఇడిస్తే పడిపోతా ఉండాది, గుడ్డ మాదిర.

నువ్వు డాక్టరమ్మతో ఏమన్నావు? "బిడ్డ నాకాడ ముందరింట్లో పండుకున్నాడు" అన్నావు గదా? నేను ఆ మాట పట్టుకోని ఊపిరి తీసుకున్నా. ఆయమ్మ గూడా వాని పాదానికి ఆ మిషను పెట్టి సూసి, తొంబై ఎనిమిది ఉండాదని ఎలబారింది. నీ మాట నమ్మి వాన్ని ఇడిసి పోయింది!

వాడు యాడ పండుకోనుండినాడు?

తలకాయ ఊపొద్దు. నోటితో సెప్పు. నీ కొడుకు మీద ఒట్టు. వాడు యాడ ఉండినాడు?

పక్కలో. ఎవురి పక్కలో?

దాని పక్కలోనా? ఆ గదిలోనా? కుంపటి ఉన్నంతసేపూ?

ఇయ్యి. బిడ్డను ఇయ్యి. ఇడువు వదినా, సేతులు ఇడువు, గట్టిగా పట్టుకోవద్దు, వాని రొమ్ము నొక్కుకుంటాది. నీ మనవన్ని నేను ఎత్తకపోవడం లేదు, బతికించుకుందామని అడగతా ఉండా. ఇయ్యి.

డాక్టరమ్మా! ఓ డాక్టరమ్మా! బిడ్డ గూడా! బిడ్డ గూడా ఆ గదిలోనే ఉండినాడంట! పరిగెత్తు వదినా, నువ్వు గూడా రా, వచ్చి నోటితో సెప్పు ఆయమ్మకు, అంతా సెప్పు!

*

కూసో. రొంత నీళ్ళు తాగు. మూత తీసిస్తా ఉండు.

ఏడ్చినాడు గదా. ఇన్నావు గదా నువ్వు గూడా? పిల్లికూన అరిసినట్టు అరిసినాడు ముందు. ఆమీట గుక్క పట్టినాడు. తలకాయ సుట్టూ ఆ గాజుడబ్బా మాదిరది పెట్టి గాలి ఇడిసినారు, నేను అద్దంలోంచి సూస్తానే నిలబడినా. ఎంతసేపు నిలబడినానో నాకు తెలీదు. కాలు ఆడించినాడు. నర్సమ్మ నవ్వింది. నాకు ఆడనే కూలబడి ఏడవాలనిపించింది, కానీ కండ్లల్లో నీళ్ళు రాలా. ఎండిపోయుండాయి.

పసిబిడ్డల రక్తం ఆ పాడుగాలిని ఇంగా గట్టిగా పట్టుకుంటాదంట. ఊపిరి గూడా గబగబా తీస్తారు గదా, మనకంటే ముందు నిండిపోతారంట. ఇంగ రొంతసేపు అట్లనే నీ వొళ్ళో ఉండింటే...

వద్దులే. ఆ మాట వద్దు. నువ్వు సెప్పినావు గదా. ఆలస్యంగా సెప్పినా సెప్పినావు.

నువ్వు డాక్టరమ్మ ముందర నిలబడి సెప్తా ఉంటే నేను ఇన్నా. నీళ్ళు పోసినాక రాజేసినావని. బొగ్గులు ఆరిపోతా ఉంటే మళ్ళీ ఏసినావని. తలుపు కింద సందులోంచి గాలొస్తా ఉండాదని పాత సీర కుక్కినావని. అది "అత్తా, తలకాయ పగిలిపోతా ఉండాది" అంటే, రేత్రి నిద్ర లేక అనుకోని, పండుకోమని దుప్పటి కప్పినావని. దుప్పటి కప్పినావు. నేనుంటే నేను గూడా అదే సేసిందును వదినా. అందుకే నాకు నిన్ను తిట్టేదానికి నోరు రాలా. డాక్టరమ్మ గూడా ఒక్క మాట అనలా నిన్ను. సెయ్యి పట్టుకోని, "ఇప్పుడు సెప్పినారు, సాలు" అని ఫోన్ తీసుకోని పోయింది.

భాను కండ్లు తెరిసింది. నువ్వు బిడ్డ గది కాడ ఉన్నప్పుడు. నన్ను గుర్తు పట్టింది. "అమ్మా, వాన నిలిసిందా?" అనింది. నిలిసింది అన్నా. రొంతసేపటికి మళ్ళీ, "అమ్మా, వాన నిలిసిందా?" మళ్ళీ సెప్పినా. మళ్ళీ అదే. బిడ్డ మాట అడగలా వదినా. దానికి బిడ్డ పుట్టిన సంగతే గుర్తున్నట్టు లేదు. పాలు కారతా ఉండాయి, ఆ తడిని సెయ్యితో తుడుసుకోని, ఏందో అర్థం గానట్టు ఏళ్ళు సూసుకుంటా ఉండాది.

వస్తాదంట. తెలివి తిరిగొస్తాదంట, శానామందికి వస్తాదంట. రక్తంలోంచి ఆ గాలి ఈ పొద్దే పోతాది, కానీ తలలో అది సేసిన సెరుపు బయట పడేదానికి వారాలు పట్టొచ్చంట. బాగైనట్టే అయ్యి మళ్ళీ మతిమరుపు, నడక తడబడేది, అట్ల గూడా జరగొచ్చంట. ఒక నెల దినాలు కండ్లల్లో పెట్టుకోని సూడాల అనింది. అందుకే మద్రాసుకు. తల్లినీ బిడ్డనూ. బండి వస్తా ఉండాది.

ఫోన్ మోగతా ఉండాది వదినా. నీదే. నీ కొడుకు.

ఎత్తవా? ఏంది అట్ల సూస్తా ఉండావు? ఎవురో సెప్పేసుంటారు, పెంచలయ్యో, ఎవురో. ఎత్తకుంటే వాడు లారీ తోలుతా తోలుతా ఏమేమో అనుకోడా? ఇయ్యి, నేను మాట్లాడతా.

హలో. నాయనా, నేను, అత్తను. ముందు బండి పక్కన పెట్టు. పెట్టినావా? ఇద్దరూ బాగుండారు. ఆ, బతికుండారు. నా మాట ఇను. బిడ్డ ఏడ్చినాడు, కాలు ఆడించినాడు. భాను కండ్లు తెరిసింది. మద్రాసుకు తీసకపోతా ఉండారు, మంచి గాలి ఎక్కించేదానికి. నువ్వు నేరుగా ఆడికే రా.

ఆ. కుంపటే.

ఎవురు పెట్టినారా?

నేనే నాయనా. నేనే పెట్టమన్నా. నిన్న ఫోన్ సేసి పెట్టమన్నా. మీయమ్మ వద్దు వద్దనింది, ఆశా అమ్మ వద్దని సెప్పిందని గూడా అనింది. నేనే ఇనలా. పచ్చి బాలింతకు సలి తగిలితే నీ కొడుకు నిన్ను అడగతాడా నన్ను అడగతాడా అని పట్టుబట్టినా. నా పోరు పడలేక పెట్టింది ఆయమ్మ. ఆయమ్మను ఏమీ అనొద్దు.

అను. నన్ను అను. ఆ. నిజమే. నేను సదువుకోనిదాన్నే.

సరే. రానులే. నీ గడప తొక్కనులే. బిడ్డ మొగం... సరే నాయనా. సూడనులే. నువ్వు నిదానంగా తోలుకోని రా. వానలు. ఉంటా.

పెట్టేసినాడు.

ఏంది, నోరు తెరిసినావు ఇప్పుడు? ఏమీ మాట్లాడొద్దు. వచ్చినప్పట్నుంచీ మాట్లాడమని మొత్తుకున్నా, ఇప్పుడు వద్దు. గమ్మునుండు. కాళ్ళు పట్టుకోవొద్దు, లెయ్యి, అందురూ సూస్తా ఉండారు. లెయ్యి వదినా.

నీ మీద జాలితో సేసినా అనుకోవొద్దు. జాలి లేదు నాకు. సలి, గుడ్డలు, అదంతా నాకు అర్థమైతాది. కానీ ఆ బెంచీ మీద కూసోని, బిడ్డను వొళ్ళో పెట్టుకోని, నువ్వు తలకాయ అడ్డంగా ఊపతా ఉండినావు సూడు, అది నేను మరిసిపోను. సచ్చేదాకా మరిసిపోను.

మరి ఆ అబద్ధం ఏంటికి సెప్పినా అంటే, ఇను. నువ్వు పెట్టినావని తెలిస్తే నీ కొడుకు నీ మీద అరస్తాడు. రెండు దినాలు బువ్వ తినడు. మూడో దినం తల్లీ కొడుకులు ఒకటైపోతారు. అప్పుడు ఆ కోపం యాడికి పోతాది? నా బిడ్డ మీదికి వస్తాది. దాని వల్ల గదా నా కొడుకు కాడ మాట పడినా అని నువ్వు అనుకుంటావు. నువ్వు మంచిదానివే, అయినా అనుకుంటావు. అది మతి లేకుండా మంచంలో ఉంటే దానికి అన్నం కలిపి పెట్టేది ఎవురు? నువ్వు. బయటికి తీసకపోయేది, నీళ్ళు పోసేది, బిడ్డను రొమ్ము కాడ పెట్టేది నువ్వు. నేను పూలు కట్టుకోని బతికేదాన్ని, రేకుల గదిలో ఉండేదాన్ని. నన్ను తిడితే తిట్టుకోనీ. నా మీద కోపమొస్తే దానికి పోయేదేముండాది? నీ మీద కోపమొస్తే దానికి ఇల్లే పోతాది.

అదీ లెక్క. ప్రేమ కాదు, ఏం కాదు.

అదిగో, బండి వచ్చింది. ఎనకాల తలుపు తీసినారు. ఒకరికే సోటు అంటా ఉండారు. నువ్వు ఎక్కు.

నేనెట్ల ఎక్కుతా వదినా? రేపు ఆడికి వాడు వస్తాడు, నన్ను సూసి ఆ మంచం కాడ గలాటా పెడితే దాని తలకాయ తట్టుకుంటాదా? నువ్వే పో. అది వాన నిలిసిందా అని అడిగితే నిలిసింది అని సెప్పు. ఎన్ని తూర్లు అడిగినా ఇసుక్కోవొద్దు. పాలు పిండి పారబోయాలంట, డాక్టరమ్మ సెప్పేదాకా బిడ్డకు ఇయ్యొద్దంట, మరిసిపోవొద్దు. బిడ్డను ఎవురు సూసినా "ఎంత ఎర్రగా ఉండాడో" అంటే నవ్వొద్దు, డాక్టర్ను పిలువు.

నేనూ వస్తా. బస్సులో. లోపలికి రాను, గేటు బయట యాడో ఒక తావ ఉంటా. వాడు అగపడితే పక్కకు పోతా. నువ్వు పొద్దుకొక తూరి ఏదో ఒక సాకు సెప్పి బయటికి రా. వచ్చి ఇద్దరూ ఎట్లుండారో సెప్పి పో. నాకు నువ్వు సేసేది అదొక్కటే.

పో, ఆయన తలుపేస్తా ఉండాడు. సంచి తీసుకో. ఈ గొడుగు గూడా పెట్టుకో, ఆడ దిగేటప్పుడు బిడ్డ మీద వాన పడతాది.

నాకేం గావాల? నా సంగతి ఇడిసిపెట్టు. మద్రాసుకు బస్సులు శానా ఉండాయి.